జేబులో నెట్టు, గోడ మీద నెట్టు

(రాజోలు దగ్గర ఒక ఊరు, ఆదివారం పొద్దున. రాత్రి గాలికి కొబ్బరి మట్ట పడి వైరు తెగింది. తమ్ముడు ఆ ఊరి కేబుల్ ఆపరేటరు. చాలా ఏళ్లు టీవీ ఇచ్చాడు, ఇప్పుడు నెట్టు కూడా ఇస్తున్నాడు. రోడ్డు పక్క అరుగు మీద గోనెసంచి పరిచి, దాని మీద స్ప్లైసింగ్ మిషను పెట్టుకుని కూచున్నాడు. అక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. గొడుగు మడిచి పక్కనే చతికిలబడింది. ఈ అక్కాతమ్ముళ్లకి ఏ విషయంలోనూ మొదటి మాటకే కుదిరిన రోజు లేదు.)

అక్క: అది అతికించడం అయ్యాక నాకో పని చేసిపెట్టాలిరా. చెరువుగట్టు వీధిలో ఒక ఇంటికి నెట్టు పెట్టాలి. చౌకలో.

తమ్ముడు: చౌకంటే ఎంతలో?

అక్క: వాళ్లు కట్టగలిగినంతలో. తెల్లకార్డు ఇల్లు. రేషన్ బియ్యం, నాయనమ్మ పింఛను, తండ్రి కొబ్బరి దింపు కూలి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది కానీ, ఆవిడ పంపేది వెళ్లడానికి చేసిన అప్పుకే చాలడం లేదు. పిల్ల నా దగ్గర పదో తరగతి.

తమ్ముడు: ఆ దింపాయనా! చేతిలో మంచి ఫోనే ఉందిగా. చెట్టు కింద సైకిలు హ్యాండిల్‌కి చొక్కా తగిలిస్తాడు. ఆయన పైన మోకు బిగించుకుని గెలలు కొడుతుంటే, కింద జేబులో పాటలు మోగుతుంటాయి. నెట్టు లేనిదెక్కడ?

అక్క: నువ్వే చెప్పావు, జేబులో మోగుతుంటాయని. ఎవరి జేబులో? ఆ నెట్టు పొద్దున ఆరింటికి ఇంట్లోంచి వెళ్లిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి వస్తుంది. వచ్చేసరికి రోజువారీ ఒకటిన్నర జీబీ అయిపోయి ఉంటుంది. ఆ పిల్లకి దక్కేది తిరుగుతూ ఉండే చక్రం.

తమ్ముడు: అక్కా, లెక్కల టీచరువి, లెక్క చూడు. 2017-18లో సర్కారు సర్వే చేస్తే పల్లెల్లో నూటికి 15 ఇళ్లకి కూడా నెట్టు లేదు. 2025లో చేస్తే దేశం మొత్తం మీద 86 ఇళ్లకి ఉందని తేలింది. పేదవాడికి కావలసిన నెట్టు ఫోన్లో వచ్చేసింది. ఇంకా గోడకి వైరు దేనికి?

అక్క: ఆ 86 ఇళ్లలో ఎన్నింటికి గోడకి వైరు ఉంది? దేశంలో వైరు మీద బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్నవాళ్లు నాలుగు కోట్ల పైచిలుకు. గాలిలో తీసుకున్నవాళ్లు తొంభై కోట్లు దాటారు. సర్వేవాడు గుమ్మం ముందు నిలబడి ‘ఇంట్లో నెట్టు ఉందా’ అని అడుగుతాడు, ‘ఉంది’ అంటారు. ‘ఇప్పుడు ఇంట్లో ఉందా’ అని అడిగితే ఏమంటారో చూడాలి. ఇంటికి ఒక్క ఫోను ఉంటే అది ఇంటి నెట్టు కాదురా, ఇంటాయన నెట్టు.

(తమ్ముడు తెగిన డ్రాప్ వైరు తొక్క ఒలిచాడు. లోపలి గాజు పోగుని స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, క్లీవర్‌లో పెట్టి కొస కత్తిరించాడు. రెండు కొసలనీ మిషన్లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిన్న తెర మీద రెండు బూడిదరంగు కడ్డీలు ఒకదానివైపు ఒకటి జరిగాయి. చిటుక్కుమని ఒక మెరుపు. నష్టం 0.02 డీబీ అని అంకె పడింది.)

తమ్ముడు: చూశావా? ఇది కుదరడానికి ఈ మిషను కావాలి. కొన్న రోజున మోటారుసైకిలు వచ్చే డబ్బు పోశాను. మట్ట పడిన ప్రతిసారీ, ఉడత కొరికిన ప్రతిసారీ, చెరకు లారీ తగులుకుని లాక్కుపోయిన ప్రతిసారీ నేను రావాలి. చౌక ధర కాగితం మీద రాయడం ఒక పూట పని. దాన్ని నిలబెట్టడం రోజూ పని.

అక్క: మన పక్క ఊరు మోరిలో ఏం చేశారు మరి? 2016 డిసెంబర్లో ఊరు ఊరంతటికీ ఫైబర్ ఇచ్చి స్మార్ట్ విలేజ్ అన్నారు. మరుసటేడు డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి రాష్ట్రం మొత్తానికి ప్రారంభించారు. నెలకి 149 రూపాయలు. నెట్టు, టీవీ, ఫోను మూడూ.

తమ్ముడు: నాకు చెబుతావా! కరెంటు స్తంభాల మీద ఆ వైరు లాగేటప్పుడు నేను కింద నిలబడి చూశాను. గోతులు తవ్వకుండా స్తంభం మీదుగా తీసుకెళ్లడం తెలివైన పనే, ఖర్చు బాగా తగ్గింది. కానీ స్తంభం మీద వైరు గాలికి జవాబు చెప్పాలి. సముద్రం పక్కన ఉన్నాం మనం. పైగా ఆ 149 మొదటి మెట్టు. అందులో నెట్టు వాడకానికి హద్దు ఉండేది. ఆ ధర ఇప్పుడు ఉందా? లేదు. ఎందుకు లేదంటావు?

అక్క: నువ్వే చెప్పు.

తమ్ముడు: ఇంటికొక పెట్టె కావాలి. పెట్టెకి డబ్బు కావాలి. పైనుంచి వచ్చే బ్యాండ్‌విడ్త్‌కి డబ్బు, టీవీ చానళ్లకి డబ్బు, స్తంభం ఎక్కే కుర్రాడికి జీతం. పెద్ద కాలువ తవ్వడానికి సర్కారు డబ్బు పెడుతుంది. బోదె తవ్వేదెవరు? పంచాయతీలకి ఫైబర్ వేసే కేంద్రం పథకం భారత్‌నెట్ సంగతే చూడు. 2011లో వేరే పేరుతో మొదలైంది, రెండు లక్షలకి పైగా పంచాయతీలకి చేరింది. చేరి పంచాయతీ ఆఫీసు గుమ్మం దగ్గర ఆగింది. అక్కడి నుంచి చెరువుగట్టు వీధికి నాలుగు వందల మీటర్లు. ఆ నాలుగు వందల మీటర్లే అసలు ఖర్చు.

అక్క: కేరళ ఆ ఖర్చు భరించిందిగా! 2023 జూన్ 5న కె-ఫోన్ అని సర్కారు ఫైబర్ నెట్టు మొదలుపెట్టారు. పేదింటికి ఉచితం. ఇరవై లక్షల కుటుంబాలకి ఇస్తామన్నారు.

తమ్ముడు: అన్నారు. మొదటి విడతలో నియోజకవర్గానికి వంద ఇళ్లు. 140 నియోజకవర్గాలు, 14 వేల ఇళ్లు. మన రాజోలు నియోజకవర్గంలో వంద ఇళ్లంటే ఏ ఇళ్లు? ఎవరు ఎంచుతారు? ఆ జాబితా తయారయ్యేలోపు నీ పదో తరగతి పిల్లకి పెళ్లయి పిల్లలు పుడతారు.

అక్క: నోరు మంచిది చేసుకో. ఆ పిల్ల చదువుకోవాలనే కదా నా తాపత్రయం. అయినా కేరళలో నన్ను ఆకట్టుకున్నది ఉచితం కాదు. 2019లో ఫహీమా షిరిన్ అనే అమ్మాయి హైకోర్టుకి వెళ్లింది. హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్లు వార్డెన్‌కి ఇచ్చేయాలన్నారు. ఇవ్వనంటే బయటికి పంపారు. నెట్టు అందుకోవడం చదువు హక్కులో భాగం, ఆంతరంగిక జీవితం హక్కులో భాగం అంది కోర్టు. చెరువుగట్టు పిల్లకి వార్డెన్ అక్కర్లేదు. ఫోను దానంతటదే పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఇంట్లో ఉండదు.

తమ్ముడు: హక్కే. కాదన్నానా? హక్కుకి బిల్లు ఎవరు కడతారనే నేను అడుగుతున్నాను. అమెరికాలో కట్టారు. తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి నెలకి 30 డాలర్ల దాకా నెట్టు బిల్లు సర్కారే భరించింది. రెండు కోట్ల ముప్పై లక్షల ఇళ్లు చేరాయి. అక్కడి చట్టసభ మళ్లీ డబ్బు ఇవ్వలేదు, 2024 జూన్ 1 నాటికి పథకం ముగిసింది. అలవాటు చేసి ఆపడం కన్నా అలవాటు చేయకపోవడం నయం కాదా?

అక్క: అన్నం పెట్టి మానేశారని అసలు పెట్టకూడదంటావా? అది డబ్బుల సంచీ ఎండిపోయిన కథ. బ్రిటన్‌ది ఇంకో కథ. అక్కడ సర్కారు సాయం మీద బతికే ఇళ్లకి కంపెనీలే తక్కువ ధర ప్లాన్లు పెట్టాయి. సోషల్ టారిఫ్ అంటారు. మామూలు బిల్లులో సగం దాకా ఆదా. అయినా 2023లో అర్హత ఉన్న 43 లక్షల ఇళ్లలో వాడుకున్నవి 2 లక్షల 20 వేలు. నూటికి అయిదు.

తమ్ముడు: చూశావా! సగం ధరకి ఇచ్చినా తీసుకోలేదు.

అక్క: తీసుకోలేదు కాదు, ఉందని తెలియలేదు. అడిగినవాడికే చెప్పే ధర అది. అడగాలంటే ముందు ఉందని తెలియాలి. మనకి ఆ ఇబ్బంది ఎందుకు? ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఆ ఇంటి గుమ్మంలోకి వచ్చి నాయనమ్మ చేతిలో 4,000 పింఛను పెట్టి వేలిముద్ర తీసుకుంటున్నారు. తెల్లకార్డు ఎవరికి ఉందో కంప్యూటర్లో ఉంది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఆదాయ ధ్రువపత్రం, మళ్లీ జిరాక్స్ అడగకుండా ఆ జాబితాతోనే బిల్లు తగ్గించొచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లు 2021లోనే చెప్పారు, పల్లెల్లో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ బిల్లులో సగం, నెలకి 200 మించకుండా, నేరుగా ఖాతాలో వేసి చూడమని.

తమ్ముడు: ఖాతాలో వేస్తే ఆ 200 ఉప్పూ పప్పూ అవుతుంది. తప్పని అనను, ఆకలి ముందు నెట్టు ఎంత? దాని బదులు బిల్లు మీద 18 శాతం జీఎస్టీ తీసెయ్యమను. 399 ప్లాను మీద 72 రూపాయలు పన్ను. ఒక చేత్తో 200 ఇచ్చి ఇంకో చేత్తో 72 లాక్కోవడం దేనికి?

అక్క: హమ్మయ్య, ఒక్కదానికి ఒప్పుకుంటాను. పేదింటి కనెక్షన్ మీద ఆ పన్ను ఉండకూడదు.

తమ్ముడు: అయితే ఇప్పుడు నా మాట విను. ఇంటింటికీ వైరు అక్కర్లేదు. 2020 డిసెంబర్లో కేంద్రం పీఎం-వాణి అని తెచ్చింది. కిరాణా కొట్టువాడు, టీ కొట్టువాడు లైసెన్సు లేకుండా, ఫీజు కట్టకుండా వైఫై పెట్టి అమ్ముకోవచ్చు. అయిదు రూపాయలకీ పది రూపాయలకీ చిన్న చిన్న కూపన్లు. కంపెనీలు ఆ కొట్లకి లీజు లైను ధరలు వేసి నడ్డి విరుస్తున్నాయని, 2025లో ట్రాయ్ ఒక గీత కూడా గీసింది. 200 ఎంబీ వేగం దాకా ఇంటి ప్లాను ధరకి రెండింతలు మించి అడగకూడదు. వీధికి ఒక బాక్సు చాలు. డబ్బున్న రోజు కొనుక్కుంటారు, లేని రోజు మానేస్తారు. కూలి డబ్బు ఎలా వస్తుందో ఖర్చూ అలాగే పోవాలి.

అక్క: చెరువుగట్టు వీధి మొదట్లో ఉన్నది ఏ కొట్టురా?

తమ్ముడు: కిళ్లీ కొట్టు.

అక్క: రాత్రి ఎనిమిదింటికి ఆ కొట్టు ముందు నీ కూతుర్ని నిలబెడతావా?

(తమ్ముడు మాట్లాడలేదు. అతికించిన చోటికి ప్లాస్టిక్ గొట్టం జరిపి మిషను వేడిలో పెట్టాడు. గొట్టం ముడుచుకుని పోగుని పట్టుకుంది.)

తమ్ముడు: నిలబెట్టను. సరే, కిళ్లీ కొట్టు కాదనుకో. లెక్కకి వద్దాం. ఇంట్లో ఒకే ఫోను. 2024 జూలైకి ముందు 239 ఉన్న 28 రోజుల రీచార్జి ఇప్పుడు 299. 28 రోజులకోసారి అంటే ఏడాదికి పదమూడుసార్లు. మొత్తం ఎంత?

అక్క: 3,887.

తమ్ముడు: గోడకి వైరు పెడితే 399, పన్నుతో 471. పన్నెండు నెలలకి?

అక్క: పైసల దాకా లెక్కేస్తే 5,650.

తమ్ముడు: వైరు పెట్టినంత మాత్రాన తండ్రి ఫోను మూగబోదుగా. మాట్లాడాలంటే దానికీ రీచార్జి కావాలి. మాటలకి సరిపడే చిన్నది 189. దాన్నీ పదమూడుసార్లు వెయ్యి.

అక్క: 2,457. రెండూ కలిపితే 8,107. ఇప్పటి ఖర్చుకి రెండింతల పైన. ఒప్పుకున్నాను.

తమ్ముడు: మరి పిల్ల దేంట్లో చూస్తుంది? గోడలోనా?

అక్క: తల్లి కువైట్ నుంచి పాత ఫోను ఒకటి పంపింది. అద్దం పగిలింది కానీ పనిచేస్తుంది. రీచార్జి వేయలేక బియ్యం డబ్బా మీద పడేశారు. దానికి నెట్టు ఉంటే చాలు.

తమ్ముడు: ఫోను దొరికింది, డబ్బు దొరకలేదు. 8,107 ఎక్కడి నుంచి వస్తుంది?

అక్క: ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నీ కనెక్షన్లలో పక్కింటివాళ్లకి పాస్‌వర్డ్ ఇచ్చినవి ఎన్ని?

తమ్ముడు: (నవ్వి) అది ఎందుకు అడుగుతావ్? ఆ వీధిలో మధ్య ఇంటికి ఇచ్చాను, అటు ఇల్లూ ఇటు ఇల్లూ వాడుతున్నాయని నాకు తెలుసు. సిగ్నల్ గోడ దాటుతుంది, పాస్‌వర్డ్ కూర గిన్నెతో పాటు దాటుతుంది. నేను చూసీ చూడనట్టు ఉంటాను. నాకు రెండు బిల్లులు పోతున్నాయి మరి.

అక్క: 471ని మూడు ఇళ్లు పంచుకుంటే ఎంత?

తమ్ముడు: 157.

అక్క: 149కి ఎనిమిది రూపాయలు ఎక్కువ. సర్కారు నిలబెట్టలేకపోయిన ధరని ఆ వీధి ఆడవాళ్లు కూర గిన్నెలతో నిలబెట్టారు. ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. ఏడాదికి ఇంటి వంతు 1,883. తండ్రి ఫోనుకి 2,457. మొత్తం 4,340. ఇప్పుడు పెడుతున్నది 3,887. తేడా 453. నెలకి 38 రూపాయలు.

తమ్ముడు: తప్పు పట్టడానికి లేదు. కానీ దాంట్లో రెండు ముళ్లున్నాయి. ఒకటి, కనెక్షన్ ఎవరి పేరున ఉంటే జవాబు వాళ్లదే. పక్కింటి కుర్రాడు ఎవరినో ఆన్‌లైన్‌లో మోసం చేశాడనుకో, పోలీసులు వచ్చేది బిల్లు మీద పేరున్న ఇంటికి. కంపెనీ షరతులు కూడా ఇలా పంచుకోవడానికి ఒప్పుకోవు. రెండు, ముగ్గురిలో ఒకరు ఒక నెల కట్టలేదనుకో, మూడిళ్లకీ పోతుంది. గొడవ నా మెడకి చుట్టుకుంటుంది.

అక్క: మొదటి ముల్లుకి మందు నీ పీఎం-వాణిలోనే ఉంది. అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకుంది, ఎవరు వాడారో వాళ్ల నంబరుకి ఓటీపీ వెళ్లి లెక్క ఉంటుంది. అయితే బాక్సు కిళ్లీ కొట్టులో ఎందుకు, డ్వాక్రా సంఘం లీడరు అరుగు మీద పెట్టు. రెండో ముల్లుకి మందు కూడా అక్కడే ఉంది. నెలనెలా పొదుపు వసూలు చేసేవాళ్లు 157 వసూలు చేయలేరా? ఒకరికి లేని నెల సంఘం సర్దుతుంది. వాళ్లకది కొత్త కాదు.

తమ్ముడు: అలా చేస్తే ఆ వీధిలో నాకు పది బిల్లులకి బదులు ఒక్కటే వస్తుంది.

అక్క: ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి?

తమ్ముడు: ఒక్కటే.

అక్క: మరి నీకు పోయేదేముంది?

తమ్ముడు: ఉండు, ఇంకోటి ఉంది. నీ లెక్కలో నువ్వు దాటేసినది. 38 రూపాయల తేడా రావాలంటే తండ్రి 299 నుంచి 189కి దిగాలి. అంటే రోజుకి ఒకటిన్నర జీబీ బదులు 28 రోజులకి కలిపి రెండు జీబీ. చెట్టు కింద పాటలు బంద్. నువ్వు చౌక నెట్టు అంటున్నావు కానీ, ఆయన జేబులోది తీసి గోడకి పెడుతున్నావు. ఆ సంగతి ఆయనకి చెప్పావా?

(అక్క కాసేపు గొడుగు కర్ర తిప్పుతూ ఊరుకుంది.)

అక్క: నిజమే. అందుకే ఇది ధర సంగతి మాత్రమే కాదంటున్నాను. నెట్టుకి ఆ ఇంట్లో ఇప్పటికే 3,887 ఖర్చవుతోంది. పేదరికం వల్ల లేనిది నెట్టు కాదు, నెట్టులో పిల్ల వంతు. సబ్సిడీ 200 ఇచ్చినా, పన్ను తీసేసినా, ఆ 200 జేబులోకే వెళితే పిల్ల దగ్గర చక్రం తిరుగుతూనే ఉంటుంది. సాయం వైరుకి ఇవ్వాలి, జేబుకి కాదు.

తమ్ముడు: గోడకి పెట్టాక కూడా స్విచ్చి ఎవరి చేతిలో ఉంటుంది? రాత్రి తొమ్మిదింటికి ‘కరెంటు దండగ, పడుకో’ అని ఆ లీడరింటాయన ఆర్పేస్తే? నేను బాక్సులు పెట్టిన ఇళ్లలో అలా ఆర్పేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. ఫిర్యాదు వస్తుంది, వెళ్తాను, చూస్తే ప్లగ్గు ఊడపీకి ఉంటుంది.

అక్క: ఆర్పొచ్చు. కాదనను. కానీ ఆర్పితే నలుగురికీ తెలుస్తుంది. నాయనమ్మ అడుగుతుంది, పక్కింటావిడ అడుగుతుంది, ఎందుకంటే వాళ్ల నెట్టూ పోతుంది. జేబులో ఉన్నదాన్ని అడగడానికి కూడా ఉండదు కదా. దాచుకున్నట్టు కనిపించదు, పనికి తీసుకెళ్లినట్టే కనిపిస్తుంది.

తమ్ముడు: (పవర్ మీటరు పెట్టి చూశాడు.) మైనస్ 24. పర్వాలేదు. 27 దాటితే ఇంట్లో ఎర్ర లైటే. సరే, చెరువుగట్టు స్తంభం దగ్గర స్ప్లిట్టరులో ఒక పోర్టు ఖాళీ ఉంది. అక్కడి నుంచి సంఘం లీడరు ఇంటికి అరవై మీటర్లు. డ్రాప్ వైరు నా ఖర్చు. పెట్టె నెలకి ఇంత చొప్పున కట్టుకోమను. నెల బిల్లు ఒక్క రోజు ఆగినా పీకేస్తాను, అక్క చెప్పిందని ఊరుకోను.

అక్క: వారం గడువు ఇవ్వాలి. పింఛను ఒకటో తారీఖున వస్తుంది, సంఘం మీటింగు అయిదున.

తమ్ముడు: వారం కాదు, అయిదు రోజులు. తండ్రిని మాత్రం నేను అడగను. 189కి దిగమని ఆయనకి ఎవరు చెబుతారు?

అక్క: తల్లి చెబుతుంది. కువైట్‌లో మధ్యాహ్నం రెండింటికి ఆవిడకి గంట తీరిక. ఇక్కడ నాలుగున్నర. ఆదివారమైనా ఆ టైములో ఫోను చెట్టు కిందే ఉంటుంది. మామూలుగా ఆవిడ అడిగే మొదటి మాట ‘పిల్లకి ఇవ్వు’ అని. ఆయన చెప్పేది ‘ఇంటికెళ్లాక’ అని. అప్పటికి ఆవిడ మళ్లీ పనిలో ఉంటుంది. మొన్న నా ఫోన్లోంచి పిల్లతో మాట్లాడించాను, సంగతి మొత్తం చెప్పాను. ఇవాళ పిల్లని అడగొద్దు, ఆయనతోనే మాట్లాడమన్నాను.

తమ్ముడు: అంటే నన్ను అడగడానికి ముందే అంతా తేల్చుకుని వచ్చావా?

అక్క: ధర తేల్చుకోలేదు. దానికే నీ దగ్గరికి వచ్చాను. లే, ఆ నిచ్చెన పట్టుకుంటాను, అరవై మీటర్లో డెబ్భయ్యో కొలిచి చూద్దాం.